దుప్పికొమ్ముకు వేలాడిన దారం

"గేటు మూసి ఉంటే మనిషన్నవాడు ఆగాలి. బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసే ఉంది. చదువు రాదా నీకు?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వీరభద్రరావు నాకిచ్చిన స్వాగతం ఇది. ఆయన గెస్ట్‌హౌస్ వరండాలో పొడిగా నిలబడి ఉన్నాడు. నేను మెట్ల కింద వానలో నిలబడి ఉన్నాను.

"చదువొచ్చు కాబట్టే వచ్చిన సార్," అన్నాను. "వానకాలంల చూడవచ్చెటోళ్లకు ప్రవేశం లేదని రాసిండ్రు. నేను చూడ రాలే. అడుగ వచ్చిన."

నా పేరు షరీఫ్. నల్లగొండలో ఒక సైకిల్ షాపు మీద నాకో గది ఉంది, దానికి 'డిటెక్టివ్' అని ఒక బోర్డు ఉంది. ఆ బోర్డును చూసి నవ్వే పోలీసులను చాలామందిని చూశాను. నవ్వకుండా అసహ్యించుకున్నవాడు మాత్రం ఈయనే.

పెద్ద పెద్ద కొండల మీద చలికాలం మంచు పడి దారులు మూసుకుపోతాయంటారు. ఇటు పాలమూరు దిక్కు నల్లమలలో ఆ పని వాన చేస్తుంది. ఎండాకాలంలో ఈ దొరబండ కొండ మీదికి జనం పులిని చూద్దామని వస్తారు, జింకను చూసి తృప్తిపడి పోతారు. వానలు పడగానే అడవి శాఖ గేటుకు తాళం వేస్తుంది. ఇక మూడు నెలలు కొండ మీద మబ్బు తప్ప ఎవరూ ఉండరు.

అలాంటి కాలంలో హుజూర్‌నగర్‌లో ఫొటో స్టూడియో నడిపే మారయ్య, మబ్బులో అడవిని ఫొటోలు తియ్యాలని ప్రత్యేకంగా పర్మిషన్ తెచ్చుకుని మరీ వచ్చాడు. కట్టంగూర్ నుంచి లతీఫ్ అనే కుర్రాడి జీపు కిరాయికి మాట్లాడుకున్నాడు. వచ్చిన మర్నాడు తెల్లవారేసరికి గెస్ట్‌హౌస్ వెనుక బండ కింద తల పగిలి పడి ఉన్నాడు. కెమెరా లేదు. వీరభద్రరావు వచ్చి, చూసి, టీ తాగి, లతీఫ్‌కు బేడీలు వేశాడు.

లతీఫ్ భార్య తాహేరా నా దగ్గరికి వచ్చి ఏడవలేదు. "అన్నా, ఆయనను అడివిలకి తీస్కపోయి కెమెరా ఏడ పారేసినవో చూపియ్యమంటరట. అట్ల పోయినోళ్లు మల్ల రారని అంటున్నరు. నిజమేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మా జిల్లాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే నేను మొదటి బస్సు ఎక్కాను.

"మీ కానిస్టేబుళ్లు గేటు కాడనే ఆగిండ్రేంది సార్? జీపు మీరే నడుపుకుంట వచ్చిండ్రట?" అని అడుగుతూ వరండా ఎక్కాను.

"నా కానిస్టేబుళ్లు ఎక్కడ ఉండాలో నువ్వు చెప్పాలా? వాన కాస్త తెరిపి ఇస్తే నేనూ, మీవాడూ అడవిలోకి వెళ్తాం. వాడు కెమెరా చూపిస్తాడు. నువ్వు వచ్చినంత వేగంగా కిందికి దిగిపోవచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"కందకు దురద పెడుతోంది సార్. అందుకే లతీఫ్ భార్య నన్ను పంపింది."

వరండా స్తంభానికి బేడీ వేసి కూర్చోబెట్టిన లతీఫ్ తలెత్తాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నన్ను చూడగానే రెండో కంట్లో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది, కానీ మంటను మింగి లతీఫ్ ముందు కూర్చున్నాను.

"లతీఫ్, సక్కగ చెప్పు. ఆ రాత్రి నువ్వేడ పండుకున్నవ్?"

"జీపుల్నే, షరీఫ్ భాయ్. లోపల చెమ్మ వాసన, నాకు పడలే. మారయ్య సారు లోపల అర్రల పండుకున్నడు. పొద్దుగాల లేచి చాయ్ కోసం పోతే సారు లేడు. బండ కాడికి పోయి కిందికి చూసిన... గంతే."

"లోపల ఏదో దారం దొరికిందని గేటు కాడ కానిస్టేబుళ్లు అన్నరు. నీ మెడల దారం ఉండెనా?"

"తోబా! ఏం దారం భాయ్? మా అబ్బాజాన్ ఒప్పుకోడు, మా మసీదుల నమాజు చేయించే హజ్రత్ అసలే ఒప్పుకోడు. పీర్ల కాడికి తమాషా చూడ పోయినా ఇంట్ల తిడ్తరు."

వీరభద్రరావు పకపకా నవ్వాడు. జేబులోంచి ఒక కాగితం కవరు తీసి, అందులోని దారాన్ని నా ముఖం ముందు ఊపాడు. చిటికెన వేలంత లావు, వెలిసిన ఆకుపచ్చ రంగు, మధ్యలో ఎర్ర పోగు.

"మొహర్రం నడుస్తోంది. మొహర్రం దారం ఇది. ఈ కొండ మీద ఆ రాత్రి ఉన్న తురకవాడు వీడొక్కడే. హాల్లో నేల మీద దొరికింది, పెనుగులాటలో తెగి పడింది. మారయ్య కెమెరా కోసం వీడు కొట్టాడు, ఈడ్చుకెళ్లి తోశాడు. ఇంతకంటే ఏం కావాలి నీకు?"

"సార్, మీది ఈ దిక్కు కాదు కదా?"

"కాదు. అదృష్టం."

"అదే అనుకున్న. కొండ కింద ఊర్లె తురకల ఇల్లు ఒక్కటి సుత లేదు. కానీ పీర్ల కొట్టం ఉంది. పీర్లను ఎత్తేది, అలావ గుండంల నిప్పులు తొక్కేది, మొక్కు మొక్కి ఫకీర్లయ్యేది అందరూ హిందువులే. పీర్లను లేపిననాడు మెడల ఈ దారం కట్టుకుంటరు, పీర్ల సవారి ఊరేగింపు అయిపోయేదాక తియ్యరు. చెప్పులేసుకోరు, నీసు ముట్టరు. ఇది తురకోళ్ల దారమని మీకు ఎవరు చెప్పిండ్రోగని, ఊర్ల సగం మంది మెడల ఇదే ఉంటది."

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వడేమో అనుకున్నాను గానీ గర్వం మనిషి చేత చాలా పనులు చేయిస్తుంది. చూసుకో అన్నట్టు దారాన్ని నా చేతిలో పడేశాడు.

చూశాను. దారం తెగలేదు. ముడి వేసింది వేసినట్టే ఉంది, తల మీదుగా తీసిన దారం అది. బురద కాళ్లతో మనుషులు తిరిగిన నేల మీద పడి ఉంటే ఎంతో కొంత మురికి అంటాలి. దీని పోగుల మధ్య ఇంకిపోయిన ఊదు బూడిద మాత్రమే ఉంది. పెనుగులాటలో తెగి నేల మీద పడిందని రాసిన మనిషి దీన్ని ఒక్కసారైనా సరిగ్గా చూసి ఉండడు. లేదా చూసి కూడా అలాగే రాసి ఉంటాడు.

"లోపల చూస్త," అన్నాను.

"అయిదు నిమిషాలు. వాన తగ్గుతోంది." దారం మళ్లీ ఆయన కవర్లోకి పోయింది.

హాలు పాత కాలం నాటిది. జూన్ నుంచి మూసి ఉన్నందుకు కుర్చీల తోలు మీద, గోడల మీద బూజు పట్టింది. చెమ్మ ఆరాలని మధ్యలో ఇనుప కుంపటి రాజేసి పెట్టాడు వాచ్‌మన్ ఎల్లస్వామి. నడివయసు మనిషి, మెడలో దారం. వానకు రంగు దిగి ఆ దారం ఎండుగడ్డిలా అయిపోయింది, దిగిన రంగంతా ఆయన మెడ చుట్టూ పచ్చని గీతలా అంటుకుంది. నన్ను చూసి కుంపటి ఊదడంలో మునిగిపోయాడు. అంత శ్రద్ధగా ఎవరూ నిప్పు ఊదరు.

"ఎల్లస్వామీ, దారం ఏడ దొరికింది?"

"నేల మీద."

"నువ్వు చూసినవా?"

"సీఐ సారు చెప్పిండు."

"నేను సీఐ సారు చెప్పింది అడుగుతలేను. నువ్వు పొద్దుగాల లేచి ఈ తలుపు తీసినప్పుడు ఏడ ఉండెనో అడుగుతున్న."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. కానీ మనిషి నోరు మూసినంత తేలిగ్గా కళ్లు మూయలేడు. ఆయన కళ్లు ఒక్క క్షణం పైకి వెళ్లి వచ్చాయి. నేనూ అటే చూశాను.

గోడ మీద దుప్పి తల ఒకటి ఉంది, ఏ కాలం దొరో వేటాడి తగిలించింది. కొమ్ముల నిండా బూజు, సాలెగూళ్లు. కుర్చీ లాక్కుని ఎక్కాను. ఎడమ కొమ్ములో ఒక్క కొన మీద మాత్రం బూజు లేదు. అక్కడేదో వేలాడి, తరువాత ఎవరో లాగి తీసినట్టు నున్నగా తుడిచినట్టుంది. కొమ్ము గరుకులో రెండు వెలిసిన ఆకుపచ్చ నూలు పోగులు చిక్కుకుని ఉన్నాయి.

"దిగు!" వీరభద్రరావు గుమ్మంలోంచి అరిచాడు. "సర్కారు వస్తువులు ముట్టుకోవడానికి నీకేం హక్కుంది?"

"దారం నేల మీద పడలే సార్. ఈడ తగిలించిండ్రు. తల మీదికెళ్లి తీసి, చేతికి అందేంత ఎత్తుల, పైలంగ తగిలించిండ్రు. పెనుగులాడెటోడు దారం విప్పి కొమ్ముకు వేస్తడా?"

"అయితే? లతీఫే తగిలించి ఉంటాడు."

"నమ్మకం లేనోనికి అది ఉత్త నూలు పోగు. వాడైతే జేబుల కుక్కుకుంటడు, లేకుంటే పొయ్యిల వేస్తడు. దీన్ని నమ్మినోడు మెడల ఉంచుకుని మనిషిని చంపలేడు. పాపం దారానికి అంటుతది. అట్లని కింద పెట్టలేడు, అది పీరుది. అందుకే ముందుగాల తీసి, పైన పెట్టి, తర్వాత పోయి చంపిండు. ఇది కోపంల చేసింది కాదు, నిర్ణయించుకుని చేసింది."

ఎల్లస్వామి కుంపటి ఊదడం మానేశాడు. "కొమ్ముకే ఉండె సారూ," అన్నాడు నేల చూస్తూ. "పొద్దుగాల చూసి భయపడ్డ. ఎవలదో తెల్వదు. సీఐ సారు వచ్చి తీసిండు. నేల మీద దొరికిందని చెప్పుమన్నడు."

వీరభద్రరావు ఎల్లస్వామి వైపు చూసిన చూపుకు నాకే చలి వేసింది. ఆ మనిషి ఈ కొండ మీద ఒంటరిగా బతకాలి. నా ప్రశ్న ఆయన మెడకు చుట్టుకోకూడదని మాట మార్చాను.

గుమ్మం పక్కన గొంగడి కప్పుకుని ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. ఫారెస్టు గార్డు కురుమయ్య. గేటు దగ్గరి నుంచి నన్ను ఇక్కడిదాకా ఆయనే తీసుకొచ్చాడు. దారి పొడుగునా జారుడు చోట్ల చెయ్యి పట్టుకుని నడిపించాడు. మంచి మాట, మెత్తని నడక. ఆయన కూడా చెప్పులు లేకుండానే నడిచాడు.

"కురుమన్నా, ఆ రాత్రి నువ్వేడున్నవ్?"

"ఊర్లె ఉన్న సారు. పీర్ల కొట్టం కాడ. చూసినోళ్లు మస్తు మంది ఉన్నరు."

"మొక్కున్నదా?"

"పోరనికి పాణం బాగలేకుండె. దవాఖానల పెట్టినం. బతికితే ఫకీరు అయితనని మొక్కిన. బతికిండు."

కొడుకు మాట చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు అబద్ధం కాదు. అందుకే తరువాతి మాట అడగడానికి నాకు మనసొప్పలేదు, అయినా అడిగాను.

"జర గొంగడి తియ్యి."

"ఎందుకు సారు?"

"తియ్యన్నా."

నెమ్మదిగా తీశాడు. ఎల్లస్వామి మెడలాగే ఈయన మెడ చుట్టూ కూడా దిగిన రంగు పచ్చని గీత కట్టి ఉంది. రోజుల తరబడి తడిసిన గీత అది. కానీ దాని మీద ఉన్న దారం మాత్రం ఇవాళ అంగట్లో కొన్నట్టు నిగనిగలాడుతోంది. ఒక్క వానకు కూడా రంగు దిగలేదు.

"పీర్లను లేపిననాడు కట్టుకున్న దారం ఏమైంది?"

కురుమయ్య మెడ మీది కొత్త దారాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

"సీఐ గారూ, ఆ కవరు ఇటియ్యండి," అన్నాను వెనక్కి తిరక్కుండానే. "కింద ఊర్ల పీర్లను చూసుకునే ముజావరును పిలిపిద్దాం. ఈ దారం తను ఎవరికి కట్టిండో, కొత్త దారం మళ్ల ఎవరడిగిండ్రో ఆయనే చెప్తడు. లతీఫ్‌కు బేడీలు తీద్దురు గాని."

"ఏ దారం?" అన్నాడు వీరభద్రరావు.

తిరిగి చూసేసరికి కవరు చింపి ఉంది. దారం ఆయన వేళ్ల మధ్య ఉంది. చూస్తుండగానే, సిగరెట్టు పీక విసిరినంత తేలిగ్గా దాన్ని కుంపట్లోకి విసిరాడు.

"ఇప్పుడు పిలువు నీ ముజావరును. ఏం చూపిస్తావో చూస్తాను."

నేను ఇన్నేళ్లలో మొద్దు పోలీసులను చూశాను, లంచగొండులను చూశాను, తాగి డ్యూటీకి వచ్చినవాళ్లను చూశాను. తన కేసుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తో తగలబెట్టుకున్న పోలీసును చూడలేదు. లతీఫ్‌ను ఇరికించాలంటే ఈయనకు ఆ దారం కావాలి. దారం అసలు మనిషిని పట్టిస్తుందని తేలగానే అక్కర్లేకుండా పోయింది. అంటే లతీఫ్ మీద కోపం కన్నా అసలు మనిషిని కాపాడుకోవడం ఈయనకు ముఖ్యం. ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు వెతికే అవసరం నాకు రాలేదు. కురుమయ్య ఒక్క కేక పెట్టాడు. మనిషి పెట్టే కేకలా లేదు అది. గొంగడి వదిలేసి వచ్చి, మండే బొగ్గుల్లో చెయ్యి పెట్టాడు.

"పీరుది! గది పీరుది సారూ!"

ఎల్లస్వామి ఆయన నడుం పట్టి వెనక్కి లాగాడు. చెయ్యి బొబ్బలెక్కింది. అందులో సగం కాలిన దారం పొగలు కక్కుతోంది. కురుమయ్య దాన్ని కళ్లకు అద్దుకుని, పసిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నా పోరని పాణం కోసం కట్టుకున్నది. గా పాపం జేసెటప్పుడు సుత దాన్ని మైల కానియ్యలే నేను. తీసి పైన పెట్టిన. వచ్చి మల్ల ఏస్కుందామంటే చేతులకు నెత్తురు. ఎంత కడిగినా పోయినట్టు అనిపియ్యలే. ముట్టలేకపోయిన. నువ్వు... నువ్వు అగ్గిల ఏసినవ్!"

ఆ 'నువ్వు' నన్ను కాదు. ఆయన కళ్లు వీరభద్రరావు మీద ఉన్నాయి.

"నోర్ముయ్," అన్నాడు సీఐ.

"మూస్కోను! ఎందుకు మూస్కోవాలె? ఈ గెస్ట్‌హౌస్ వెనుక కొట్టంల నీ పులి చర్మాలు ఎండేస్తే గా మారయ్య ఫొటో తీసిండు. వాడు కొండ దిగొద్దు అని ఫోన్ల అన్నదెవలు? నువ్వు కాదా? చెయ్యకుంటే చర్మాల కేసు నీ మీదనే పెడ్త, నీ పోరడు జైలుకొచ్చి నిన్ను చూడాలె అన్నదెవలు? నువ్వు కాదా? షరీఫ్ సారూ, కెమెరా అడివిల లేదు, నేనే తెచ్చి ఈయనకిచ్చిన. ఆయన జీపుల, సీటు కింద ఉన్నది!"

కానిస్టేబుళ్లు గేటు దగ్గర ఎందుకు ఆగిపోయారో, ఈయన జీపు తనే నడుపుకుంటూ ఎందుకు వచ్చాడో అప్పుడు నాకు అర్థమైంది. లతీఫ్‌ను అడవిలోకి తీసుకెళ్లాలన్న తొందర కూడా అర్థమైంది. చచ్చిన ముద్దాయి కోర్టులో నోరు విప్పడు.

వీరభద్రరావు పిస్తోలు తీశాడు. అది లతీఫ్ వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. కురుమయ్య నుదుటికి ఎదురుగా ఆగింది.

"షరీఫ్," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు. బేరం ఉంది. "నువ్వు దేనికొచ్చావు? నీవాడి కోసం వచ్చావు. సరే, గెలిచావు. హంతకుడు దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, పారిపోబోయాడు, నేను కాల్చాను. బేడీ తాళం ఇదిగో. లతీఫ్‌ను తీసుకుని ఈ క్షణమే దిగిపో. రేపటికి వాడు తన పెళ్లాం దగ్గర ఉంటాడు. నువ్వు చేయాల్సిందల్లా ఆ గుమ్మం దాటి వెళ్లిపోవడం."

తాళం చెవి వచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం ఆశ పుట్టింది. వరండాలో లతీఫ్ వాచిన ముఖంతో నన్నే చూస్తున్నాడు. కురుమయ్య చంపిన మాట నిజం. ఒక అమాయకుడి తల పగలగొట్టాడు, దారాన్ని కాపాడుకున్నంత శ్రద్ధగా మనిషిని కాపాడలేదు. అలాంటివాడి కోసం నేనెందుకు చావాలి?

కానీ కురుమయ్య చస్తే వీరభద్రరావు పేరు చెప్పే నోరు ఉండదు. కెమెరా సాయంత్రానికి ఏ వాగులోనో ఉంటుంది. ఆ మాటలు విన్న ఎల్లస్వామి, లతీఫ్, నేను ఎన్నాళ్లు బతకనిస్తే అన్నాళ్లు బతుకుతాం. తాహేరా రేపు కాకపోతే వచ్చే నెల మళ్లీ నా మెట్లెక్కి అదే ప్రశ్న అడుగుతుంది. లతీఫ్‌ను బతికించాలంటే ఇప్పుడు ఈ హంతకుణ్ణి బతికించాలి. ఇంత దరిద్రపు కేసు నాకెన్నడూ తగల్లేదు.

తాళం తీసుకుని, వెనక్కి తిరక్కుండా లతీఫ్ వైపు విసిరాను. బేడీ ఊడిన చప్పుడు వినబడింది.

"లతీఫ్, సీఐ సారు జీపుల సీటు కింద కెమెరా ఉందట. తీస్కో. జీపు సుత తీస్కో, తాళం బండికే ఉంది. గేటు కాడ ఆగకు."

"భాయ్, నువ్వు?"

"నడువ్!"

పిస్తోలు ఒక్క క్షణం వరండా వైపు వెళ్లింది. ఆ క్షణంలోనే నేను వెళ్లి కురుమయ్యకు అడ్డంగా నిలబడ్డాను. నా వీపుకు ఆయన ఏడుపు తగులుతోంది, కాలిన చర్మం వాసన వస్తోంది.

"ఈనను ముట్టాలంటే ముందు నన్ను దాటాలె సార్," అన్నాను. "ఈన కోర్టు మెట్లెక్కి చెప్పాలె. ఈన చేసిందీ చెప్పాలె, నువ్వు చేయించిందీ చెప్పాలె."

బయట జీపు ఇంజను అందుకుంది, చప్పుడు కొండ కిందికి సాగింది. వీరభద్రరావు అటు చూడలేదు. పిస్తోలు నా ఛాతీకి ఎదురుగా వచ్చి ఆగింది. ఆయన వేలు బిగుసుకోవడం నాకు కనబడింది.